ఏడు ప్రపంచ కప్‌ల క్రీడాకారిణి ఫోర్మిగా

మహిళల ప్రకృతికి తగని క్రీడలను నిషేధిస్తూ బ్రెజిల్ ప్రభుత్వం 1941లో ఉత్తర్వు జారీ చేసింది. ఫుట్‌బాల్‌ సైతం అందులో చేరింది. ఆ నిషేధం 1979లో తొలగడానికి ముందు సంవత్సరమే, 1978 మార్చి 3న, సాల్వడార్ నగరంలో మిరైల్డెస్ మాసియెల్ మోటా జన్మించారు. మైదానంలో అలుపెరుగక శ్రమించే ఆమెకు ‘ఫోర్మిగా’ అన్న పేరు స్థిరపడింది. పోర్చుగీసు భాషలో దానికి చీమ అని అర్థం.

ప్రత్యర్థుల నుండి బంతిని కైవసం చేసుకొని ముందువరుసకు అందించడం మిడ్‌ఫీల్డర్ బాధ్యత. పత్రికల శీర్షికలలో చోటు మాత్రం సాధారణంగా గోల్ చేసినవారికే దక్కుతుంది. ఆమె 17వ ఏట, 1995లో, తొలి ప్రపంచ కప్ ఆడారు. 2019 వరకు ఏ ప్రపంచ కప్‌కూ దూరం కాలేదు. ఒలింపిక్స్‌లో మహిళల ఫుట్‌బాల్ 1996లో ప్రవేశించింది మొదలు, 2021లో జరిగిన టోక్యో క్రీడల వరకు ఏడింటిలోనూ పాల్గొన్నారు. 2004, 2008లలో రజత పతకాలు లభించాయి, స్వర్ణం దక్కలేదు. 2007 ప్రపంచ కప్ ఫైనల్‌లోనూ పరాజయమే ఎదురైంది. 2016లో జాతీయ జట్టు నుండి వైదొలగినప్పటికీ, 2018లో తిరిగి వచ్చి 41 ఏళ్ల వయస్సులో మరో ప్రపంచ కప్ ఆడడం విశేషం.

2021 నవంబరు 25న మనౌస్‌లో జరిగిన ఆమె వీడ్కోలు మ్యాచ్‌లో ప్రత్యర్థి భారత జట్టే. ఆమె ద్వితీయార్ధంలో బరిలో దిగారు. బ్రెజిల్ 6-1తో విజయం సాధించగా, భారత్ పక్షాన ఏకైక గోల్‌ను మనీషా కల్యాణ్ నమోదు చేశారు.