పారే నీటిలో కాంతి పరుగు

అపోహ: పారే నీటిలో కాంతి పడవలా కొట్టుకుపోతుంది. నీటి వేగమంతా దానికి కలుస్తుంది.

వాస్తవం: కలుస్తుంది, కానీ సగంకన్నా తక్కువ. 1851లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిజో దీన్ని కొలిచి చూపించాడు. పక్కపక్కనున్న రెండు గొట్టాల్లో నీటిని సెకనుకు దాదాపు 7 మీటర్ల వేగంతో, ఒకదానికొకటి ఎదురు దిశల్లో పారించాడు. కాంతిని రెండు పాయలు చేసి, చివర అద్దం పెట్టి, ప్రతి పాయా రెండు గొట్టాల్లోంచీ వెళ్లేలా చూశాడు. ఒక పాయ ఎప్పుడూ ప్రవాహం వెంటే పోతుంది, రెండోది ఎప్పుడూ ఎదురీదుతుంది. రెండూ నడిచేది ఒకే దారి కాబట్టి గొట్టాల పొడవులోనో నీటి వేడిమిలోనో తేడాలున్నా అవి రెండింటికీ సమానంగా తగిలి రద్దయిపోతాయి. మిగిలేది ప్రవాహం తెచ్చిన తేడా ఒక్కటే. ఎంత చక్కని ఆలోచన!

పాయలు మళ్లీ కలిసినచోట వెలుగు, చీకటి చారలు పడతాయి. నీటి వేగమంతా కాంతికి కలిస్తే అవి చార వెడల్పులో 0.46 వంతు జరగాలి. ఫిజోకు దొరికింది 0.23. ఫ్రెనెల్ 1818లో ఇచ్చిన సూత్రం ప్రకారం రావలసింది 0.20. ఆ సూత్రం చిన్నదే: వక్రీభవన గుణకం (శూన్యంలోకన్నా పదార్థంలో కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) వర్గంతో 1ని భాగించి, వచ్చినదాన్ని 1లోంచి తీసేయాలి. నీటికి అది 0.44. అంటే 7 మీటర్లలో కాంతికి దక్కేది 3 మీటర్లే. సెకనుకు 2.25 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతిలో ఆ 3 మీటర్లను పట్టుకున్నాడాయన.

అపోహ: కాంతి వేగం మారదన్న ఐన్‌స్టయిన్ మాటను ఫిజో ప్రయోగం కాదంటోంది.

వాస్తవం: మారనిది శూన్యంలో కాంతి వేగం. నీటిలో, గాజులో అది తగ్గుతుంది, ఆ పదార్థం కదిలితే కొద్దిగా మారుతుంది కూడా. కాంతిని మోసే మాధ్యమంగా అప్పట్లో ఊహించుకున్న ఈథర్‌ను నీరు కొంత లాక్కుపోతుందని ఫ్రెనెల్ అనుకున్నాడు. పాత పుస్తకాలు చదివినవాళ్లలో ఆ భావన ఇంకా కనిపిస్తుంది, దాన్ని వదిలేయాలి. సాపేక్షతా సిద్ధాంతంలో వేగాలను ఊరికే కూడేయడం కుదరదు. దానికి వేరే సూత్రముంది. అందులో నీటి వేగాన్నీ నీటిలో కాంతి వేగాన్నీ వేస్తే ఫ్రెనెల్ గుణకం దానంతటదే వస్తుందని 1907లో మాక్స్ ఫాన్ లావే చూపించాడు. ఈథర్‌తో పనే లేదు.

అపోహ: అడ్డంగా కదిలే గాజు కాంతి దారిని మార్చలేదు.

వాస్తవం: మారుస్తుంది. 1970లలో ఆర్.వి. జోన్స్ తిరిగే గాజు బిళ్లలోంచి కిరణాన్ని పంపితే అది కొన్ని నానోమీటర్లు పక్కకు జరిగింది. 2011లో గ్లాస్గో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కాంతి చాలా నెమ్మదించే కెంపు కడ్డీని గిర్రున తిప్పి, దానిలోంచి ఒక బొమ్మను పంపారు. బయటికి వచ్చేసరికి ఆ బొమ్మ కొన్ని డిగ్రీలు తిరిగింది.