బండి వెనుక చప్పుడు
(అరిగిన డిఫరెన్షియలు బుష్షును కనుగొని మార్చు విధము)

మోటారుబండిలో చప్పుడు పుట్టినప్పుడు దానిని బాగుచేయుటకంటె, అది యెచ్చటనుండి పుట్టినదో కనుగొనుటయే కష్టతరమైన పని. రోగమును నిదానింపక మందిచ్చు వైద్యునివలన ధననష్టమును, కాలనష్టమును కలుగును గదా! యంత్రముల విషయమును అట్టిదే. బండి కదలునప్పుడు వెనుకభాగమున "దబ్బు"మని వినవచ్చు ఒక చప్పుడును దృష్టాంతముగా గైకొని, దానిని పరీక్షించు క్రమమును మా చదువరులకు తెలుపదలచితిమి.

మొదట డిఫరెన్షియలు అనగా నేమో తెలిసికొందము. ఎద్దుబండి మలుపు తిరుగునప్పుడు బయటి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము నడచును. రెండు చక్రముల నడిమి యెడము 1.5 మీటర్లయినచో, బండి ఒక చుట్టు తిరిగి వచ్చుసరికి బయటి చక్రము సుమారు 9.4 మీటర్లు అధికముగా నడచును. చుట్టు పెద్దదైనను చిన్నదైనను ఈ భేదము మారదు; వృత్తపరిధి సూత్రము నెరిగిన విద్యార్థులు దీనిని తామే సరిచూచుకొనవచ్చును. ఎద్దుబండి చక్రములు ఇరుసుపై వేర్వేరుగా తిరుగును గనుక చిక్కులేదు. మోటారుబండిలోనో, ఒకే యింజను రెండు చక్రములను త్రిప్పవలెను. రెండింటిని ఒకే కడ్డీకి బిగించినచో మలుపులయందు ఒక చక్రము నేలపై ఈడ్వబడును. ఈ చిక్కును తీర్చు పండ్లచక్రముల పెట్టెయే డిఫరెన్షియలు.

ఈ పెట్టె అన్ని బండ్లలోను ఒకే తీరున నుండదు. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు బండిలో అది వెనుక ఇరుసులోనే భాగము. అందు అరుగునవి పట్టీస్ప్రింగుల కొనలయందలి బుష్షులు. 1983లో వెలువడిన మారుతి 800 బండిలో ఇంజను ముందుచక్రములనే త్రిప్పును గనుక వెనుక డిఫరెన్షియలే లేదు. ఇంజను వెనుకచక్రములను త్రిప్పుచు, ఆ చక్రములు ఒకదానితో నొకటి పనిలేక వేర్వేరుగా మీదికిని క్రిందికిని ఆడునట్లు కట్టిన బండ్లలో మాత్రము ఈ పెట్టె అడుగు చట్రమునకు బిగింపబడి యుండును. 1989లో వెలువడిన మజ్దా ఎమ్ఎక్స్-5 అను జపాను బండి ఇట్టిది. ఇనుమును ఇనుముతో నేరుగా బిగించినచో పండ్లచక్రముల రొద బండియంతటను వ్యాపించును. అందుచేత నడుమ రబ్బరు బుష్షుల నుంచుదురు. వెలుపల నొక ఇనుపకట్టు, లోపల బోల్టు దూరుటకొక గొట్టము, రెండింటి నడుమ రబ్బరు, ఇదియే బుష్షు. పచ్చిరబ్బరు వేసవికి మెత్తబడి, చలికి బిరుసెక్కును. దానిని గంధకముతో కాచి గట్టిపరచు విధమునకు చార్లెసు గుడియియరు 1844లో అమెరికాలో పేటెంటు పొందెను. అట్లు గట్టిపరచిన రబ్బరే ఇట్టి పనులకు తగినది.

బుష్షు ఏల అరుగును? పడవనుండి ఒడ్డునకు దుమికినచో పడవ వెనుకకు పోవుట మనమెరిగినదే. ప్రతి చర్యకును సమానమైన ప్రతిచర్య యుండునని న్యూటను 1687లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. డిఫరెన్షియలు చక్రములను ఒకవైపు త్రిప్పునప్పుడు దాని పెట్టె ఎదురువైపు తిరుగజూచును. ఆ తోపునంతను బుష్షులే భరింపవలెను. బండి సాగునప్పుడు ఒకవైపునకు, కాలు తీసినప్పుడు మరియొకవైపునకు నలిగి నలిగి, కొన్ని యేండ్లకు రబ్బరు చీలి ఇనుపకట్టునుండి ఊడును. పైనుండి నూనె కారినచో రబ్బరు ఉబ్బి మరింత శీఘ్రముగా చెడును.

ఇక చప్పుళ్ల భేదమును గమనింపవలెను. బండి కదలునపుడును, యాక్సిలరేటరుపై కాలుంచినపుడును తీసినపుడును, ముందుగేరునుండి వెనుకగేరునకు మార్చినపుడును ఒక్కొక్క దెబ్బగా వినవచ్చినచో బుష్షును అనుమానింపవచ్చును. గుంటలలో మాత్రమే దెబ్బ వినవచ్చినచో దోషము సాధారణముగా స్ప్రింగుల వైపుననో షాకబ్జార్బర్ల యందో యుండును. ఎడతెగని హోరుగా నుండి మలుపులలో హెచ్చుతగ్గులగుచుండినచో చక్రపు బేరింగును చూడవలెను. వేగముతోపాటు పెరుగు అదురు పొడవైన షాఫ్టు కీళ్లనుండి రావచ్చును. ఇంజను లాగునప్పుడొక స్వరమున, కాలు తీసినప్పుడొక స్వరమున ఊళ వినవచ్చినచో అప్పుడు డిఫరెన్షియలు లోపలి పండ్లను శంకింపవలెను.

అనుమానము తీర్చుకొనుటకు బండి క్రింద దూరి చూడవలెను. బండిని చదునైన గట్టినేలపై నిలిపి, ముందుచక్రములకు అడ్డుకట్టలు పెట్టి, జాకీతో ఎత్తి, గట్టి ఇనుపస్టాండులపై దింపవలెను. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రింద దూరుట ప్రాణాపాయము. పిల్లలు పెద్దల తోడులేక ఈ పనికి పూనుకొనరాదు. ఇంజను ఆపి, గేరు తీసి, షాఫ్టును చేతితో ఇటునటు త్రిప్పవలెను. షాఫ్టు కొంచెము వదులుగా ఆడుట పండ్లచక్రములకు సహజమే. కాని పెట్టె కదలరాదు. పిమ్మట పెట్టెకును చట్రమునకును నడుమ గునపము వంటి కడ్డీ నుంచి మెల్లగా ఎత్తి చూడవలెను. మంచి బుష్షు కొంచెము లొంగి మరల యథాస్థానమునకు వచ్చును. రబ్బరులో పగులు విచ్చుకొన్నను, లోపలి గొట్టము ఒకప్రక్కకు ఒరిగినను, ఇనుము ఇనుమునకు తగిలినను బుష్షు చెడినదని నిశ్చయింపవచ్చును.

మార్చు విధమిది. షాఫ్టును విప్పుటకు ముందు దాని రెండు బిళ్లలపై రంగుతో గుర్తుపెట్టవలెను. మరల అదే స్థానమున కలిపిననే అదురు లేకుండును. పెట్టె బరువైనది గనుక క్రింద జాకీ ఊతనిచ్చియే బోల్టులను విప్పవలెను. పాత బుష్షును ప్రెస్సుతోగాని, మరల కడ్డీయు గిన్నెయు గల లాగుడు సాధనముతోగాని వెలికి తీయుదురు. రబ్బరును కాల్చి తీయరాదు. ఆ పొగ హానికరము. గూటి తుప్పును తుడిచి, క్రొత్త బుష్షు పాతదానివలెనే తిరిగియున్నదో లేదో చూడవలెను. పెక్కు బుష్షుల రబ్బరులో ఒకవైపు సందులుండును, అవి అటే యుండవలెను. ఎక్కించునప్పుడు సబ్బునీరు రాయవచ్చును. యంత్రపు నూనెను, గ్రీజును సహజ రబ్బరునకు తగులనీయరాదు. వత్తిడి వెలుపలి ఇనుపకట్టుపైననే పడవలెను. నడిమి గొట్టముపై పడినచో క్రొత్త రబ్బరు ఆదిలోనే చిరుగును. బోల్టులను బండి చేసినవారి పుస్తకమున చెప్పిన కొలతకు, కొలతపానాతో బిగింపవలెను. నూనె కారుచుండినచో ముందు ఆ సీలును మార్చవలెను. లేనిచో క్రొత్త బుష్షునకును పాతదాని గతియే పట్టును. తుదకు డిఫరెన్షియలులోని నూనె మట్టమును చూచి, బండిని మెల్లగా నడిపి పరీక్షింపవలెను.

బుష్షు వెల స్వల్పము. డిఫరెన్షియలు వెల దానికి ఎన్నో రెట్లు. ఆ చిన్నదాని దోషమును పెద్దదానిపై మోపి సంసారుల సొమ్ము వ్యర్థపరచుట తరచు జరుగుచుండును. అట్లని ఉపేక్షించినచో ఆ దెబ్బలకు షాఫ్టు కీళ్లును పాడగును. కావున మరమ్మతుకు బండి నిచ్చునప్పుడు "అరిగినది ఎక్కడ? చూపుము" అని అడుగుటకు ఎవ్వరును సంకోచింపనక్కరలేదు. నిజమైన పనివాడు ఆ ప్రశ్నకు కోపింపడు. దీపము తెచ్చి చూపును. మన విద్యార్థులలో ముందు ముందు పానా పట్టువారు అట్టి పనివారు కావలెనని మా కోరిక.