రక్షకభటుల బలిదానము – ప్రజల విధి

నంద్యాలనుండి కడపకు బోవు రాజమార్గమున ఆళ్లగడ్డ కలదు. అచ్చటి శిల్పుల చేతిలో శిలలు దేవతామూర్తులగుట ఆంధ్రులెల్ల నెఱిగినదే. ఆవల చాగలమఱ్ఱి దాటినచో కడపజిల్లా. జిల్లాలకు పొలిమేరలు కలవు గాని ముఠాకక్షలకు లేవు. వేటకొడవండ్లును, నాటుబాంబులును ఈ సీమయం దెన్ని కుటుంబములను నిర్మూలము గావించినవో లెక్కింప నలవిగాదు. 1990 దశకమున కడపజిల్లా పోలీసు సూపరింటెండెంటుగా నీ కక్షల నెదుర్కొని, ప్రజలచే “కడప పులి” యనిపించుకొనినవాడు శ్రీ చదలవాడ ఉమేశ్ చంద్ర.

1999 సెప్టెంబరు 4వ తేదీన హైదరాబాదున, సంజీవరెడ్డినగర్ కూడలివద్ద, పీపుల్స్‌వార్ దళమువా రాయన కారుపై గుండ్లు కురిపించిరి. అంగరక్షకుడును, కారు నడుపువాడును మరణించిరి. ఆయన కారు దిగి, చేత నాయుధము లేకున్నను హంతకులను వెంబడించి, నడివీధిని ప్రాణము లర్పించెను. అప్పటి కాయన వయస్సు 33 సంవత్సరములు. ఆ కూడలియం దాయన విగ్రహము వెలసినది. అది యుచితమే. కాని ఆయనతో గూలిన యిరువురి పేర్లు మనలో నెందఱికి దెలియును?

2022 ఆగస్టున నంద్యాలలోనే యొక కానిస్టేబులు రౌడీల కత్తులకు బలియయ్యెను. ఆయన పెద్ద యధికారి కాడు; బిరుదములును లేవు. అయినను విధినిర్వాహకుల ప్రాణములకు హోదాభేదము పాటించుట న్యాయమా?

ప్రజలీ మరణములను ప్రభుత్వశాఖవారి సొంతకష్టములుగా నెంచుటకు కారణము లేకపోలేదు. ఈ సీమయందే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానాను ముట్టడించి, 1847 ఫిబ్రవరి 22న అచ్చటనే యురికంబ మెక్కెను. నాటి భటులు పరుల ఖజానాకు కావలివారు. 1861 నాటి పోలీసుచట్టమును పరులు తమ పాలన నిలుపుకొనుటకు జేసినదే. స్వరాజ్యము 1947లో వచ్చినది. కాని భటునకును ప్రజకును నడుమ నున్న యగాధము నేటికిని పూడలేదు.

1959 అక్టోబరు 21న లడఖునందలి హాట్‌స్ప్రింగ్స్ వద్ద చీనా సైనికుల కాల్పులలో పదిమంది భటులు మడిసిరి. ఏటేటను ఆ దినమున దేశమంతట పోలీసు అమరవీరుల సంస్మరణ జరుగుచున్నది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లాకేంద్రమైనది గావున, ఆ కార్యమున పురజనుల బాధ్యతయు హెచ్చినది. పుష్పగుచ్ఛ ముంచి యింటికి మరలుటతో నది తీఱునా?

కన్నులార హత్యను జూచినవాడు న్యాయస్థానమున నోరు విప్పుట మొదటి విధి. సాక్షి మౌనము వహించినచో హంతకుడు మరల వీధిలో దిరుగును. వాని నెదిరింప మఱియొక భటుడు తన ప్రాణము నొడ్డవలసివచ్చును. ముఠానాయకుల మాటపై నిజాయితీగల యధికారులను బదిలీ చేయుట నరికట్టుట రెండవది. ముఖ్యాధికారులను కనీసము రెండేండ్లు కదల్పరాదని 2006లో ప్రకాశసింగు వ్యాజ్యెమున సుప్రీముకోర్టు ఆదేశించియే యున్నది. మూడవది పోలీసులకే చెందును. ఠాణాకు వచ్చిన దీనుని హింసించువాడు, లంచ మడుగువాడు, ఈ యమరుల త్యాగమును తానే యపహసించుచున్నాడు.

ఆళ్లగడ్డ శిల్పి యెంత చక్కని విగ్రహము నైనను చెక్కి యీయగలడు. సాక్ష్యము మాత్రము మనమే చెప్పవలెను. రాయలసీమ సోదరులు దీని నాలోచింతురు గాక.