స్టీల్ పైపుతో డెస్క్ ల్యాంప్: వంచే ముందు ఇవి తెలుసుకోండి

గేమింగ్ సెటప్ వీడియోల్లో కనిపించే ఆ ఇండస్ట్రియల్ లుక్ ల్యాంప్ మనమూ చేసుకోవచ్చు. కావాల్సింది వైరింగ్‌కి వాడే 20 ఎంఎం కండ్యూట్ పైపు. పీవీసీది కాదు, స్టీల్‌దే.

అసలు కష్టమంతా వంచడంలోనే. మోకాలికి ఆనించి లాగితే పైపు నొక్కుకుపోతుంది, ఇక లోపల వైరు దూరదు. బెండర్ ఉంటే సరే, లేదంటే పొడి ఇసుక గట్టిగా కూరి, రెండు చివర్లూ మూసేసి కొంచెం కొంచెంగా వంచండి. వెల్డింగ్ అతుకు వంపుకి పక్కగా ఉండాలి. బయటి వైపు ఉంటే అక్కడే విచ్చుకోవచ్చు. వదలగానే పైపు కాస్త వెనక్కి వస్తుంది, కాబట్టి 90 డిగ్రీలు కావాలంటే ఇంకొంచెం ఎక్కువే వంచాలి. జీఐ పైపుని మాత్రం మంట మీద పెట్టొద్దు. ఆ జింక్ పొగ పీలిస్తే నిజంగానే జ్వరం వస్తుంది!

థ్రెడ్ తీయడానికి 20 ఎంఎం, 1.5 పిచ్ డై తీసుకోండి. ఆయిల్ వేస్తూ సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పితే రజను తెగి పడుతుంది.

కోసిన చివర లోపలి పదునుని రౌండ్ ఫైల్‌తో రుద్దేయండి. ఇది స్కిప్ చేస్తే వైరు తొక్క చీరుకుని, ల్యాంప్ ముట్టుకున్నవాళ్లకి షాకే. అందుకే త్రీ పిన్ ప్లగ్ వాడి, పెయింట్ గీకిన చోట పచ్చ వైరుని పైపుకి స్క్రూతో బిగించండి. ప్లగ్ పెట్టకముందే మల్టీమీటర్ తీసి, ఎర్త్ పిన్‌కీ పైపుకీ మధ్య బీప్ వస్తోందో లేదో చూడండి.