పిల్లలకు ఎక్స్‌రే రాశారా? కంగారు పడకండి!



గ్రౌండ్‌లో కబడ్డీ ఆడుతూనో, ఇంట్లో సోఫా మీంచి దూకుతూనో పిల్లలు కింద పడటం మామూలే. చెయ్యి వాచి, కదపలేకపోతుంటే డాక్టరు ముందుగా ఎక్స్‌రే రాస్తారు. ‘ఇంత చిన్న వయసులో రేడియేషన్ ఎందుకు?’ అని కొందరు వెనకాడతారు. ‘ముందు నూనె రాసి కట్టు కట్టిద్దాం’ అని ఇంకొందరు వాయిదా వేస్తారు. ఎక్స్‌రే గురించి కాస్త తెలుసుకుంటే ఈ రెండు పొరపాట్లూ జరగవు.

ఎక్స్‌రే ఎలా పనిచేస్తుంది?

1895లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఈ కిరణాలను కనుగొన్నారు. అవేమిటో అప్పటికి తెలియదు కాబట్టి ‘ఎక్స్’ అన్నారు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది.

ఇవి కూడా వెలుగు లాంటివే. కాకపోతే శక్తి చాలా ఎక్కువ, కంటికి కనిపించవు. చర్మం, కండరాల్లోంచి సులువుగా దూసుకుపోతాయి. కాల్షియం ఉన్న ఎముక మాత్రం వాటిని చాలావరకు ఆపేస్తుంది. అందుకే ఫిల్ములో ఎముక తెల్లగా, కండ బూడిదరంగులో, గాలి నిండిన ఊపిరితిత్తులు నల్లగా కనిపిస్తాయి.

పిల్లల ఎముకలు వేరు

ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో మృదులాస్థి ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. అది ఎక్స్‌రేలో పడదు కాబట్టి అక్కడ నల్లటి గీత కనిపిస్తుంది. దాన్ని చూసి విరిగిందని భయపడకండి. అనుమానం ఉంటే పోల్చి చూడటానికి డాక్టరు రెండో చేతికి కూడా ఎక్స్‌రే తీయించవచ్చు. నిజంగానే అక్కడ దెబ్బ తగిలి, దాన్ని మనం గమనించకపోతే ఎముక ఎదుగుదల దెబ్బతినవచ్చు. కాబట్టి వాచిన చోట మర్దన చేయించకండి.

రేడియేషన్ ఎంత?

నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనందరికీ రోజూ కొంత రేడియేషన్ అందుతూనే ఉంటుంది. ఒక ఛాతీ ఎక్స్‌రే సుమారు పది రోజుల సహజ రేడియేషన్‌తో సమానం. చేతి ఎక్స్‌రేకి అంతకంటే చాలా తక్కువ. సీటీ స్కాన్‌కి మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. పిల్లల శరీరం సున్నితమైనది కాబట్టి అవసరం లేకుండా ఏదీ తీయించకూడదు. అవసరమైనప్పుడు ఎక్స్‌రే మానకూడదు. మెషిన్ ఆపగానే కిరణాలు ఆగిపోతాయి, ఒంట్లో ఏమీ మిగలదు.

ఎక్స్‌రే గదిలో...

• గాజులు, గొలుసు, తాయెత్తు, వెండి మొలతాడు వంటివి తీయాల్సిన భాగాన్ని బట్టి ముందే తీసేయండి. లోహం నీడ పడితే మళ్లీ తీయాల్సి వస్తుంది.
• నొప్పి ఉండదు. కానీ వాచిన చేతిని సరైన కోణంలో పెట్టేటప్పుడు కాస్త నొప్పి పుట్టవచ్చు. ఆ మాట పిల్లలకు ముందే చెప్పండి. ‘ఫొటో తీస్తారు, బొమ్మలా కదలకుండా ఉండాలి’ అంటే అర్థం చేసుకుంటారు.
• బిడ్డను పట్టుకోవాల్సి వస్తే లెడ్ ఏప్రాన్ అడగండి. తల్లి గర్భవతి అయితే ఆ సంగతి ముందే చెప్పి బయటే ఉండాలి. ఆ పని నాన్నకో, బాబాయికో అప్పగించండి.
• పాత ఎక్స్‌రేలు ఉంటే వెంట తీసుకెళ్లండి.

ఒక్క మాట: సన్నని పగులు మొదటిరోజు కనిపించకపోవచ్చు. లిగమెంటు దెబ్బ ఎక్స్‌రేలో తెలియదు. రిపోర్టు నార్మల్ అని వచ్చినా నొప్పి తగ్గకపోతే మళ్లీ డాక్టరుకు చూపించండి. ఎన్నాళ్లు ఆటలకు దూరంగా ఉండాలో రాయించుకుని, ఆ చీటీ కాపీ క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. గేమ్స్ పీరియడ్‌లో మీ బిడ్డను మేము కనిపెట్టుకుని ఉంటాం.