గేరు మార్పిడి: బేరసారాల యంత్రశాస్త్రం

కారు నడపడంలో చేయి తిరిగిన వారిని "ఈ బండిలో గేర్లు ఎలా పడుతున్నాయి?" అని అడిగితే రకరకాల సమాధానాలు వస్తాయి. "వెన్నలా పడుతున్నాయి" అని ఒకరంటారు. "చేయి నొప్పి పుడుతున్నది" అని మరొకరంటారు. "పడిందో లేదో తెలియడం లేదు", "రెండో గేరు అరుస్తున్నది" అని ఇంకొందరంటారు. ఇవి కొలబద్దకు అందే మాటలు కావు. అయినా వీటిలో ప్రతి మాటకూ వెనుక లోహం, చమురు, రబ్బరు, స్ప్రింగులకు సంబంధించిన కచ్చితమైన కారణం ఒకటి ఉన్నది. ఆ కారణాలను సాధ్యమైనంత సులభంగా విద్యార్థి మిత్రుల ముందుంచడం మా ఉద్దేశం. దానితోపాటు ఒక సత్యాన్ని కూడా స్పష్టం చేయదలచుకున్నాము. గేరు మార్పిడిలో ఏ సౌఖ్యమూ ఉచితంగా లభించదు. ఒకచోట పొందినదానికి మరొకచోట మూల్యం చెల్లించవలసిందే. ఆ మూల్యం యంత్రం చెల్లించాలా, మనిషి చెల్లించాలా అన్నదే ఇంజనీరు ముందున్న అసలు ప్రశ్న.

గేర్ల అవసరం

సాధారణమైన పెట్రోలు ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్ల నుంచి 6,000 చుట్ల వరకు తిరుగుతుంది. అంటే దాని కనిష్ఠ, గరిష్ఠ వేగాల మధ్య వ్యత్యాసం ఏడెనిమిది రెట్లు మాత్రమే. కారు మాత్రం మనిషి నడకతో సమానమైన గంటకు 5 కిలోమీటర్ల వేగం నుంచి 100 కిలోమీటర్ల వేగం వరకు, అనగా ఇరవై రెట్ల వ్యత్యాసంతో నడవవలసి ఉంటుంది. పైగా బండి కదిలేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు చక్రాలను త్రిప్పే బలం ఎక్కువగా కావాలి. చదునైన రోడ్డు మీద వేగం ఎక్కువగా కావాలి. ఈ రెండు అవసరాలకూ సంధి కుదిర్చేది గేరుపెట్టె.

గేరు మార్చడమంటే పెట్టెలో ఒక దంతచక్రం జరిగి వేరొక దంతచక్రంతో కలుస్తుందని చాలామంది ఊహిస్తారు. నేటి కార్లలో జరిగేది అది కాదు. ముందుకు నడిపే గేర్ల జతలన్నీ ఎల్లప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. అయితే ప్రతి జతలో ఒక చక్రం తన ఇరుసు మీద వదులుగా తిరుగుతుంది. ఆ చక్రం పక్కనే, ఇరుసుతోపాటు తిరిగే కంకణం వంటి భాగం ఒకటి ఉంటుంది. దానిని స్లీవు అంటారు. మనం గేరు రాడ్డును కదిపినప్పుడు స్లీవు పక్కకు జరిగి, కోరిన చక్రాన్ని ఇరుసుకు బిగిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. బిగించబోయే క్షణంలో చక్రం ఒక వేగంతో, ఇరుసు మరొక వేగంతో తిరుగుతుంటాయి. వేగాలు సమానం కాకముందే కలపబోతే పళ్లు పళ్లతో కొట్టుకొని కర్ణకఠోరమైన ధ్వని పుడుతుంది. గేరు అరవడమంటే ఇదే.

చెవితో నేర్చిన విద్య

తొలినాటి వాహనాలలో ఈ వేగాలను సమానం చేసే బాధ్యత పూర్తిగా డ్రైవరుదే. కింది గేరుకు రావాలంటే క్లచ్చి తొక్కి, గేరును న్యూట్రలుకు తెచ్చి, క్లచ్చి వదిలి, యాక్సిలరేటరుతో ఇంజను వేగాన్ని తగినంత పెంచి, మళ్ళీ క్లచ్చి తొక్కి గేరు వేయాలి. ఎంత పెంచాలో చెప్పే ముల్లు ఏదీ లేదు. ఇంజను ధ్వనిని చెవితో విని, కాలితో అంచనా కట్టి, చేతితో ముగించవలసిన విద్య అది. హైదరాబాదులో 1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో సేవ ప్రారంభించిన కాలంలో ప్రపంచంలోని బస్సు డ్రైవర్లలో అధికసంఖ్యాకులు ఉస్తాదుల దగ్గర నేర్చుకున్న విద్య ఇదే.

ఈ భారాన్ని డ్రైవరు నుంచి తీసి యంత్రానికి అప్పగించిన ఉపాయం పేరు సింక్రోమెష్. అమెరికా ఇంజనీరు ఎర్ల్ థాంప్సన్ రూపొందించిన ఈ పద్ధతిని 1928లో కాడిలాక్ సంస్థ తన కార్లలో ప్రవేశపెట్టింది. 1952లో జర్మనీకి చెందిన పోర్షే సంస్థ తన 356 కారులో మరొక రకమైన సింక్రోమెష్‌ను అమర్చింది. వివరాలలో భేదమున్నా రెండింటి మూలసూత్రం ఒక్కటే: పళ్లు కలిసేలోగా ఘర్షణ చేత వేగాలను సమం చేయాలి.

శంకువు చేసే పని

దంతచక్రానికి ఒక ప్రక్కన ఉక్కు శంకువు ఉంటుంది. దాని మీదికి సరిగ్గా సరిపోయే ఇత్తడి వలయం ఒకటి ఉంటుంది. స్లీవు జరగగానే ముందుగా ఈ వలయం శంకువును ఒత్తుతుంది. ఆ ఘర్షణతో చక్రం వేగం ఇరుసు వేగానికి దిగివస్తుంది, లేదా పెరుగుతుంది. అంతవరకు వలయం మీది పళ్లు స్లీవుకు దారి ఇవ్వవు. వేగాలు సమానమైన మరుక్షణం అడ్డు తొలగి స్లీవు లోనికి జారుతుంది. గేరు వేసేటప్పుడు అరచేతికి మొదట కొంచెం నిరోధం, ఆ వెంటనే లోనికి లాగుకొన్నట్లు ఒక జారుడు తెలుస్తాయి. ఆ నిరోధం వలయానిది, ఆ జారుడు స్లీవుది.

ఒక లెక్క చూద్దాము. రెండవ గేరు నిష్పత్తి 1.9, మూడవ దానిది 1.3 అనుకొందాము. ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుండగా రెండు నుంచి మూడుకు మార్చితే, క్లచ్చి పళ్లెము, దానితో కలిసి తిరిగే భాగాల వేగం 4,000 నుంచి సుమారు 2,740కి తగ్గాలి. డ్రైవరు రాడ్డు పిడి మీద 6 కిలోల బలం ప్రయోగించాడనుకొందాము. పిడి 60 మిల్లీమీటర్లు కదిలితే స్లీవు సుమారు 8.5 మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే మీట సూత్రం ప్రకారం బలం ఏడు రెట్లై స్లీవు వద్ద 42 కిలోలవుతుంది. శంకువు వాలు 6.5 డిగ్రీలైతే, మేకు దిగగొట్టినప్పుడు పుట్టే ఒత్తిడివలె, ఈ బలం మరి తొమ్మిది రెట్లకు చేరువగా పెరిగి 370 కిలోల ఒత్తిడిగా మారుతుంది. ఘర్షణ గుణకం 0.1 అనుకొంటే 37 కిలోల ఘర్షణ బలం లభిస్తుంది. చిన్న కారు గేరుపెట్టెలో ఈ బలం సెకనులో పదోవంతు కాలంలో తన పని ముగించగలదు.

ఇప్పుడు బేరం మొదలవుతుంది. వాలును 5 డిగ్రీలకు తగ్గిస్తే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది గదా, ఎందుకు తగ్గించరు? ఎందుకంటే కోణం యొక్క టాంజెంటు విలువ ఘర్షణ గుణకం కంటే తక్కువైతే వలయం శంకువుకు బిగుసుకుపోయి తిరిగి ఊడిరాదు. 6.5 డిగ్రీల టాంజెంటు 0.114, అంటే గుణకం కంటే కొద్దిగా ఎక్కువ. 5 డిగ్రీలది 0.087, అంటే తక్కువ. ఆ రెండంకెల మధ్యనున్న ఇరుకు సందులోనే ఇంజనీరు పనిచేయవలసి ఉంటుంది.

రాడ్డు కదలికను సగానికి తగ్గించడం మరొక కోరిక. పొట్టి కదలిక చురుకుగా, ముచ్చటగా ఉంటుంది. కాని మీట లాభం కూడా సగమవుతుంది. అదే సమయంలో గేరు పడాలంటే చేతికి 6 కిలోలకు బదులు 12 కిలోల బలం కావాలి. చేయి అంత బలం పెట్టకపోతే రెట్టింపు సమయం పడుతుంది. పందెపు కారు నడిపే యువకునికి అది సమ్మతమే. రోజంతా రద్దీలో టాక్సీ నడిపే వ్యక్తికి సాయంత్రానికి భుజం పడిపోతుంది.

క్లచ్చి విషయమూ ఇంతే. ఎక్కువ శక్తిగల ఇంజనుకు పెద్ద క్లచ్చి పళ్లెము కావాలి. పళ్లెము పెద్దదైన కొద్దీ దాని జడత్వం పెరుగుతుంది, దాని వేగాన్ని మార్చడానికి వలయం ఎక్కువ శ్రమించాలి. కింది గేర్లలో ఈ జడత్వం గేరు నిష్పత్తి వర్గానికి అనులోమంగా పెరిగి వలయానికి తగులుతుంది. మొదటి, రెండవ గేర్లు మిగిలినవాటికంటే బరువుగా పడటానికీ, రెండవ గేరు ముందుగా అరవడానికీ కారణమిదే. దీనికి విరుగుడుగా ఆ గేర్లకు రెండు లేదా మూడు శంకువులు అమర్చే తయారీదారులున్నారు. చేతి శ్రమ తగ్గుతుంది, కారు ధర పెరుగుతుంది. రివర్సు గేరుకైతే అనేక కార్లలో సింక్రోమెష్ ఉండదు. బండి పూర్తిగా ఆగిన తరువాతనే దానిని వేస్తారన్న నమ్మకంతో ఆ ఖర్చు మిగుల్చుకుంటారు. ఆగకముందే తొందరపడితే అది గుర్తుచేసి అరుస్తుంది.

రాడ్డుకూ పెట్టెకూ మధ్య దూరం

పెట్టె లోపల ఎంత నేర్పు చూపినా, చేతికి తెలిసేది మధ్యనున్న కడ్డీలు, తీగల ద్వారానే. అంబాసడర్, ప్రీమియర్ పద్మిని కార్లను ఎరిగిన పెద్దలకు స్టీరింగు పక్కనుండే గేరు రాడ్డు గుర్తుండే ఉంటుంది. దానివల్ల ముందు సీటు అడ్డంకి లేకుండా ఒకే బల్లవలె ఉండి, డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చోగలిగేవారు. పెద్ద కుటుంబాలకు అది గొప్ప సదుపాయం. కాని చేతి కదలిక అనేక కీళ్లను దాటి పెట్టెను చేరవలసి వచ్చేది. కీళ్లలోని బుష్‌లు అరిగిన కొద్దీ రాడ్డు వదులై, ఏ గేరు ఎక్కడున్నదో చేయి వెతుక్కోవలసి వచ్చేది.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో రాడ్డు నేల మీదికి దిగింది. అయితే ఇంజను అడ్డంగా అమర్చబడి ముందు చక్రాలనే త్రిప్పే ఇటువంటి కార్లలో గేరుపెట్టె డ్రైవరుకు దూరంగా ఉంటుంది. ఆ దూరాన్ని కడ్డీతోనో, ఉక్కు తీగతోనో దాటించాలి. కడ్డీ చేతి కదలికను నమ్మకంగా చేరవేస్తుంది, కాని ఇంజను ప్రకంపనలను కూడా అంతే నమ్మకంగా అరచేతికి తెస్తుంది. ప్రకంపనను ఆపడానికి మెత్తని రబ్బరు పెడితే అది చేతి సందేశాన్నీ మింగుతుంది. "పడిందో లేదో తెలియడం లేదు" అన్న ఫిర్యాదుకు ఇది ఒక ముఖ్య కారణం. దీనికి భిన్నంగా 1989లో మాజ్డా సంస్థ విడుదల చేసిన ఎమ్.ఎక్స్-5 కారులో రాడ్డు నేరుగా గేరుపెట్టెలోకే దిగుతుంది. దాని గేరు మార్పిడిని రసికులు ఇప్పటికీ మెచ్చుకుంటారు. కాని అది ఇద్దరు మాత్రమే కూర్చోగలిగిన కారు. నిలువుగా అమర్చిన ఇంజను, పెట్టె ఆక్రమించిన స్థలమే ఆ మెప్పుకు చెల్లించిన మూల్యంలో ఒక భాగం.

చమురు, స్ప్రింగు

గేరుపెట్టెలోని చమురుకు పరస్పర విరుద్ధమైన రెండు బాధ్యతలున్నాయి. దంతచక్రాల పళ్ల మధ్య జారుడు కల్పించాలి. శంకువు, వలయాల మధ్య మాత్రం ఘర్షణను మిగల్చాలి. మరీ జారుడు చమురు పోస్తే పళ్లు సుఖపడతాయి గాని వలయం జారిపోయి గేరు అరుస్తుంది. చిక్కని చమురు పళ్లను బాగా కాపాడుతుంది గాని చలికాలపు ఉదయం మొదటి కిలోమీటరు వరకు రాడ్డు మొండికేస్తుంది. అందుచేత తయారీదారు సూచించిన చమురును మాత్రమే వాడటం మేలు. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన చమురు ఆ పెట్టెకు తగినది కాదు.

ఇక గేరు తన స్థానంలో నిలవడానికి స్ప్రింగు ఒత్తే చిన్న ఉక్కు గుండు ఒకటి గాడిలో పడుతుంది. ఆ స్ప్రింగు గట్టిదైతే "టక్కు"మని స్పష్టంగా తెలుస్తుంది గాని చేతికి బరువు. మెత్తనిదైతే హాయిగా ఉంటుంది గాని గతుకుల రోడ్డు మీద గేరు ఊడే ప్రమాదమున్నది. ఎత్తు దిగుతున్న బండికి గేరు ఊడితే ఇంజను పట్టు తప్పి, భారమంతా బ్రేకుల మీదనే పడుతుంది. కనుక ఇది కేవలం సుఖానికి సంబంధించిన విషయం కాదు.

మూల్యం ఎవరిది?

సింక్రోమెష్ లేని పెట్టెలు కాలం చెల్లిన దోషాలని కొందరు భావిస్తారు. అది పూర్తి సత్యం కాదు. అమెరికాలో దూరప్రయాణాల భారీ ట్రక్కులు దశాబ్దాల తరబడి అటువంటి పెట్టెలతోనే నడిచాయి. అరిగే వలయాలు లేనందువల్ల అవి చిరకాలం మన్నుతాయి. జాతీయ రహదారి మీద గంటల తరబడి ఒకే గేరులో పోయే శిక్షితుడైన డ్రైవరుకు అది న్యాయమైన బేరమే. కాని స్టాపు స్టాపుకూ ఆగి కదలవలసిన నగర బస్సులో అదే పొదుపు చేస్తే, యంత్రంలో మిగిలిన డబ్బు డ్రైవరు మోకాలి నుంచి, భుజం నుంచి ప్రతిరోజూ వసూలవుతుంది. ఖాతా పుస్తకంలో ఆ పద్దు ఎక్కడా కనిపించదు. ఒకే నిర్ణయం ఒకచోట వివేకమై మరొకచోట అన్యాయం కావచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

కాలం మారుతున్నది. 2014లో మారుతి సెలెరియోతో క్లచ్చి తొక్కే పనిని, గేరు వేసే పనిని యంత్రమే చేసే పద్ధతి మన దేశపు చౌక కార్లలోకి వచ్చింది. అందులోనూ లోపలి పెట్టె మనం వర్ణించినదే. చేతికి బదులు యంత్రం రాడ్డును కదుపుతుంది, అంతే. విద్యుత్ కార్లలో అత్యధిక భాగానికి మార్చవలసిన గేర్లే లేవు. గేరు రాడ్డు మునుముందు అరుదైపోయినా, అది నేర్పే పాఠం మాత్రం పోదు.

మా విద్యార్థులలో ఎందరో రేపు యంత్రాలను రూపొందించే పనులలో, లేదా వాటిని కొనుగోలు చేసే కార్యాలయాలలో చేరతారు. ఏ యంత్రం మంచిది అని కాక, ఎవరికి, ఏ పనికి, ఎవరి శ్రమ మీద మంచిది అని వారు ప్రశ్నించాలని మా ఆకాంక్ష. ఆ ప్రశ్నకు సమాధానం కాగితం మీది అంకెలలో సగమే దొరుకుతుంది. మిగిలిన సగం ఆ యంత్రాన్ని రోజంతా నడిపేవారి చేతులనడిగి తెలుసుకోవాలి.