హెల్మెట్‌లో గాలి హోరు

బడంగ్‌పేట్ నుంచి విజయవాడకు బండి మీద వెళ్లేవాళ్లు దారిలో రెండు రకాల మోతలు దాటాలి. మీర్‌పేట, కర్మన్‌ఘాట్, ఎల్బీనగర్, హయత్‌నగర్ దాకా హారన్లు, బస్సులు. అబ్దుల్లాపూర్‌మెట్ దాటి బండి 80 అందుకోగానే అవన్నీ వెనకబడిపోయి, హెల్మెట్ లోపల ఒకటే హోరు మొదలవుతుంది. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ... దాదాపు 270 కిలోమీటర్లలో ఎక్కువ భాగం ఆ హోరులోనే గడుస్తుంది. నేను మొదటిసారి అలా వెళ్లిన రాత్రి, దిండు మీద తల పెడితే చెవుల్లో సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. తెల్లారేసరికి తగ్గింది. అలా తగ్గిపోతుంది కాబట్టే దాన్ని పట్టించుకోం. పట్టించుకోవాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చెవికి ఎంత చప్పుడు ఎంతసేపు భరించదగినదో అమెరికాలోని నియోష్ సంస్థ ఒక లెక్క చెప్పింది. 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 94కి ఒక గంట, 100కి పావుగంట. మామూలు హెల్మెట్లలో 80 వేగం దగ్గర చప్పుడు 90 దాటడం సాధారణం. ఇక విజయవాడ దాకా ఎన్ని గంటలో మీరే లెక్క వేసుకోండి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు దెబ్బతింటే మళ్లీ మొలవవు. హోరుకు అలసట కూడా తోడవుతుంది. సాయంత్రం పూట బ్రేకు మీద కాలు కాస్త ఆలస్యంగా పడటానికి అది కూడా ఒక కారణం.

"అన్నా, ఇది ఏసుకుంటే గాలి వినపడనే వినపడది" అని దుకాణంలో చెబుతారు. కొనేముందు ఆ వీధిలోనే ఒక చుట్టు తిరిగి చూస్తే నిజమేననిపిస్తుంది కూడా. దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో 30 వేగంతో వెళ్తున్నప్పుడు మందంగా మెత్తలున్న ఏ హెల్మెటైనా నిశ్శబ్దంగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడి చప్పుడు బయటిది. హైవే మీది హోరు బయటి నుంచి వచ్చేది కాదు, హెల్మెటే దాన్ని పుట్టిస్తుంది. అంచులను, అద్దం అతుకులను, గాలి రంధ్రాలను ఒరుసుకుంటూ వెళ్లే గాలి సుడులు తిరుగుతుంది. అందులో ఎక్కువ భాగం గడ్డం కింద, మెడ చుట్టూ ఉన్న సందులోంచి లోపలికి వస్తుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే మోగినట్టే ఇదీను.

కాబట్టి చూడాల్సింది ఆ సందును. మెడ దగ్గర బాగా దగ్గరగా మూసుకునేది, గడ్డం కింద గుడ్డ తెర ఉన్నది మేలు. నుదుటి మీద పీక్ పొడుచుకొచ్చినవి పొడవాటి ప్రయాణాలకు వద్దు, గాలి దాన్ని పట్టి తలనే లాగుతుంది. ముందుభాగం పైకి లేచే మాడ్యులర్లలో అతుకులు ఎక్కువ కనుక మోత ఎక్కువంటారు. నాసిరకం వాటిలో అది నిజమే. కానీ జర్మనీ కంపెనీ షూబెర్త్ తయారుచేసే సీ5 మాడ్యులరే. 100 వేగంలో 85 డెసిబెల్స్ అని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. ఇక్కడ ఒక మాట గమనించాలి. అంత ఖరీదైన హెల్మెట్, కంపెనీ సొంత లెక్క ప్రకారమే, 85 గీత మీద ఆగింది. దాని కిందికి దిగలేదు.

నిశ్శబ్దం కన్నా ముందు ప్రాణం. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడం నేరం. ఐఎస్ 4151 అన్న అంకె, లైసెన్సు నంబరు చూసి, ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోండి. రోడ్డు పక్కన వేలాడే వాటి మీది స్టిక్కర్‌ను కళ్లతో చూసి నమ్మవద్దు. ఐఎస్‌ఐ గుర్తుకు తోడు యూరప్ వారి ఈసీఈ 22.06 గుర్తు ఉంటే ఇంకా మంచిది.

ఆ తర్వాత కొలత. కనుబొమ్మలకు కాస్త పైన, తల వెనక ఉబ్బు మీదుగా టేపు చుట్టి కొలవండి. కొత్త హెల్మెట్ చెంపలను నొక్కాలి, తల అటూ ఇటూ తిప్పితే చర్మం కూడా దానితో కదలాలి. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు తోస్తే ఊడి రాకూడదు. దుకాణంలో మొహమాటపడకుండా పావుగంట పెట్టుకుని కూర్చోండి. నుదుటి మీద ఒకచోట నొప్పి మొదలైతే అది మీ తల ఆకారానికి సరిపడదు. కొన్ని వారాలకు చెంపల మెత్తలు కాస్త అణుగుతాయి కనుక, మొదటిరోజే వదులుగా హాయిగా ఉన్నది ఎండాకాలం నాటికి హోరెత్తుతుంది.

కొన్నిసార్లు తప్పు హెల్మెట్‌ది కాదు, బండి ముందున్న విండ్‌షీల్డ్‌ది. పొట్టి షీల్డు మీదుగా చెదిరిన గాలి సరిగ్గా మన ముఖం మీదికే వస్తుంది. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద ఫుట్‌రెస్టుల పైన కాస్త లేచి చూడండి. హోరు తగ్గితే సమస్య షీల్డుదే, దాని ఎత్తు మార్చాలి. తగ్గకపోతే దస్తీనో పల్చటి గుడ్డనో మెడ చుట్టూ కట్టి, కొసలు లోపలికి దోపి చూడండి. మే నెల ఎండల్లో మాత్రం చప్పుడు తగ్గాలని గాలి రంధ్రాలు మూయకండి, వడదెబ్బ చెవిలో హోరు కన్నా ప్రమాదం.

ఇన్ని చేసినా మిగిలే హోరుకు మందు, కొన్ని రూపాయలకు దొరికే నురగ ఇయర్‌ప్లగ్గులు. శుభ్రమైన వేళ్లతో సన్నగా చుట్టి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపల పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపి పట్టాలి. సరిగ్గా కూర్చుంటే 94 కాస్తా 80కి దిగుతుంది. హారన్ వినపడదేమోనని నేనూ భయపడ్డాను. హోరూ హారనూ రెండూ తగ్గుతాయి తప్ప, హారన్ హోరులో మునిగిపోదు. వినికిడి ముందే తక్కువగా ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగి పెట్టుకోవాలి. ఇయర్‌ఫోన్ దీనికి బదులు కాదు. హోరును మించి పాట వినపడాలంటే చప్పుడు మీద మరో చప్పుడు పోయాలి.

నేను విజయవాడ వెళ్తే హయత్‌నగర్ దాటాక బండి పక్కకు ఆపి ప్లగ్గులు పెట్టుకుంటాను. శ్రీశైలం వెళ్తే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర తీసేస్తాను. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అడవి, బండి నెమ్మదిగా వెళ్లాల్సిన దారి. అద్దం ఎత్తితే పిట్టల కూతలు వినిపిస్తాయి.